కళింగపట్నం తీరంలో తీసిన ఫోటోలో ఎర్రటి వెలుగు: ఇది ధ్రువకాంతేనా?

ఏడురోడ్ల స్టూడియో (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పదిహేనేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలే నా బతుకుతెరువు. ముహూర్తాలున్న నెలల్లో తల ఎత్తి ఆకాశం చూసే తీరిక ఉండదు. మూఢం వస్తే మాత్రం కెమెరా బ్యాగు మూలన పడి ఉంటుంది, నా చేతులేమో ఊరుకోవు. ఈ నక్షత్రాల పిచ్చి అలా పట్టుకుంది.

2024 మే నెలంతా మూఢంతో ముహూర్తాలు లేకుండా పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మే 10 శుక్రవారం, అక్షయ తృతీయ. ఆ రోజు కూడా నాకు పని లేదు. బంగారం మాట ఇంట్లో మొదలయ్యేలోపు బయటపడడం మంచిదనిపించి, రాత్రి భోంచేసి బండి మీద కళింగపట్నం వెళ్లిపోయాను. తదియ చంద్రుడు అప్పటికే అస్తమించాడు. వేట నిషేధం రోజులు కావడంతో సముద్రం మీద ఒక్క పడవ దీపం కూడా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, ఆ 61 రోజుల్లో మా తీరంలో దొరికే చీకటి మళ్లీ ఏడాదంతా దొరకదు. ఒడ్డున లాగిపెట్టిన పడవల పక్కనే నిలబడి ఆ చీకటిని మెచ్చుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది, అది వేరే సంగతి.

24 ఎంఎం లెన్స్, ఎపర్చర్ 2.8, ఐఎస్‌వో 3200, 20 సెకన్లు. ఎక్కువసేపు దక్షిణం వైపే, వృశ్చికాన్ని, దాని తోక పక్కనుంచి పైకి లేచే పాలపుంతను తీశాను. ఒంటిగంటన్నర ప్రాంతంలో బయలుదేరబోతూ, ఊరికే ట్రైపాడ్ తలను ఉత్తరానికి తిప్పి ధ్రువ నక్షత్రం వైపు ఒక్కటి కొట్టాను. మర్నాడు కంప్యూటర్లో చూస్తే ఆ ఫ్రేము అడుగున, వంశధార అవతలి ఒడ్డు మీద, ఎరుపు. పారాణి నీళ్లు ఒలికినట్టు నేలను ఆనుకుని చిక్కగా ఉండి, పైకి పోతున్నకొద్దీ పలచబడింది. ధ్రువ నక్షత్రానికి కాస్త కుడివైపు ఎక్కువ. దాని మీదుగా ఒక సన్నటి మబ్బు అడ్డంగా ఉంది, ఆ మబ్బు అడుగు నారింజ రంగులో మెరుస్తోంది. కంటికి మాత్రం ఆ రాత్రి ఏమీ కనిపించలేదు.

రెండు రోజులకు వార్తలు వచ్చాయి. అదే రాత్రి సౌర తుఫాను (సూర్యుడి నుంచి ఎగసిన కణాలు భూమిని తాకడం) వచ్చిందని, లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిందని. నాకు గుండె ఝల్లుమంది. కానీ ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారేమోనని ఒక భయం. నిజమైతే ఇన్నాళ్లూ దాచుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. మొన్న పాత హార్డ్ డిస్కులు సర్దుతుంటే ఆ ఫోటో మళ్లీ బయటపడింది.

అడగదలచినవి రెండు. ఒకటి, ఇది ధ్రువకాంతి (ధ్రువాల దగ్గరి ఆకాశంలో రాత్రిపూట కనిపించే రంగుల వెలుగు, అరోరా అంటారు) కావడానికి అవకాశం ఉందా? రెండు, మా బావమరిది ఉద్యోగం మీద నార్వే వెళ్లాడు, డిసెంబరులో రమ్మంటున్నాడు. మార్గశిర ముహూర్తాలు వదులుకుని వెళ్లేంత విలువ ఉందా?

రిటైర్డు ఫిజిక్సు మాస్టారు (విజయనగరం)

ఫోటోగ్రాఫర్ గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మబ్బు అడుగు మెరుస్తోందన్నారు చూడండి, అక్కడే తేలిపోయింది. ధ్రువకాంతి పుట్టేది మబ్బుల కంటే ఎంతో పైన. దాని ముందు మబ్బు అడ్డం వస్తే నల్లగా, బొగ్గు గీతలా కనిపించాలి. మబ్బు కింది వైపు వెలుగుతోందంటే దీపం కింద ఉందని అర్థం. కళింగపట్నం నుంచి ధ్రువ నక్షత్రానికి కుడివైపు అంటే ఇంచుమించు టెక్కలి దిక్కు. ఊరి దీపాలు, జాతీయ రహదారి దీపాలు, వేసవిలో సముద్రపు తేమ, దుమ్ము. దూరపు వెలుగు అంత మందం గాలిని దాటి వచ్చేసరికి నీలం చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది. సాయంకాలపు సూర్యుడికి జరిగేదే ఇది కూడా.

ఒకవేళ మబ్బు లేకపోయినా లెక్క ఒప్పుకోదు. తక్కువ అక్షాంశాల వాళ్లకు కనిపించేది ధ్రువకాంతి పై అంచున ఉండే ఎరుపు మాత్రమే. ఆకుపచ్చ రంగు సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది, అది భూమి వంపు చాటున ఉండిపోతుంది. ఎరుపు 200 కిలోమీటర్ల పైన. రెండూ ఆక్సిజన్ పరమాణువు ఇచ్చేవే. ఎరుపు ఇచ్చే స్థితిలోకి వెళ్లిన పరమాణువు ఆ వెలుగును వదలడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది. కింద గాలి చిక్కగా ఉంటుంది కనుక ఈలోపే మరొక దానికి ఢీకొని ఆ శక్తి పోతుంది. పైన ఢీకొనే తోడు లేదు, అందుకే అక్కడ ఎరుపు బతుకుతుంది. సరే, ఆ వెలుగు 400 కిలోమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. భూమి వంపు మీదుగా అది సుమారు 2,200 కిలోమీటర్ల దూరం వరకే కనిపిస్తుంది, అంటే 20 డిగ్రీల అక్షాంశం. మీరు 18వ డిగ్రీ దగ్గర నిలబడ్డారు. ఆ కాంతి 38వ డిగ్రీ దాకా దిగి వస్తే, అప్పుడు మీ దిగంతాన్ని తాకీ తాకనట్టు ఉంటుంది. మన తీరపు తేమలో దిగంతం దగ్గర నక్షత్రాలే కనిపించవు. హాన్లే సంగతి వేరు. అది 32 డిగ్రీలు దాటి ఉంది, 4,500 మీటర్ల ఎత్తు, పొడి గాలి. అక్కడ కూడా ఉత్తరాన కింది భాగంలోనే కెమెరాలకు చిక్కింది. ఆ తుఫాను చిన్నదేమీ కాదు. జి5, అంటే కొలమానంలో అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి, 2003 అక్టోబరు తర్వాత మళ్లీ అప్పుడే.

నా మాట నమ్మనక్కర లేదు. రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన అసలు ఫైలు) తెరిచి ఆ ఎరుపు చోట మూడు రంగుల గ్రాఫు చూడండి. ధ్రువకాంతి ఎరుపు ప్రధానంగా ఒకే తరంగదైర్ఘ్యం, 630 నానోమీటర్లు. గ్రాఫులో ఎరుపు ఒక్కటే పెరగాలి. ఊరి దీపాలైతే దాని వెనకే ఆకుపచ్చ కూడా లేస్తుంది. ఇంకో పరీక్ష మరీ తేలిక. ఈ అమావాస్యకు అదే చోటికి వెళ్లి, అవే సెట్టింగులతో మళ్లీ తీయండి.

ఒక్క మాట. మీ దక్షిణం ఫ్రేముల్లో పలచని ఆకుపచ్చ తెరలాంటిది కనిపిస్తే దాన్ని నాయిస్ అనుకుని చెరిపేయవద్దు. పగలు ఎండ తాకిన పై గాలి రాత్రంతా కాస్త వెలుగు విడుస్తూనే ఉంటుంది. దానికి తుఫాను అక్కర లేదు, నార్వే టిక్కెట్టూ అక్కర లేదు.

ఉద్దానం జీడితోట (పలాస)

అన్నా, నాకు కెమెరా లేదు, సెట్టింగులు తెలియవు. కానీ మాస్టారు గారు ఊరి దీపాలు అనగానే ఒకటి గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. అమావాస్య వెళ్లి రెండు రోజులే. జీడి, కొబ్బరి మొత్తం నేలమట్టం. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే అంతకుముందు కొమ్మల సందుల్లోంచి నాలుగు చుక్కలు కనపడేవి. తుఫాను పోయాక తోట లేదు, కరెంటు లేదు. వాన తెరిపి ఇచ్చిన రాత్రి నైరుతి మూల నుంచి నడినెత్తి దాకా పాలపుంత ఉంది. మా నాన్న దాన్ని చూసి, ‘ఇది నా చిన్నప్పుడు రోజూ ఉండేది’ అన్నాడు. మళ్లీ పడిపోయిన చెట్ల లెక్కలోకి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో నువ్వు కళింగపట్నం నుంచి తీసి ఉంటే ఆ ఎరుపు ఉండేది కాదేమో.

బొబ్బిలి నుంచి ట్రామ్సో

మూడు చలికాలాలుగా ఇక్కడే, ఉత్తర నార్వేలోని ట్రామ్సోలో ఉన్నాను కనుక మీ రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. డిసెంబరుకు రావద్దు. నవంబరు ఆఖరు నుంచి జనవరి మధ్య వరకు ఇక్కడ సూర్యుడు ఉదయించడు. చీకటి ఎక్కువ అంటే ధ్రువకాంతి ఎక్కువ అని అందరూ అనుకుంటారు. చీకటితో పాటు మంచు తుఫానులు, వారాల తరబడి వదలని మబ్బు కూడా ఉంటాయి. సెప్టెంబరు ఆఖరులో రండి. విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) చుట్టూ ఉన్న వారాల్లో భూ అయస్కాంత తుఫానులు కాస్త ఎక్కువగా వస్తాయని చాలాకాలంగా గమనించినదే. రాత్రులు చీకటిగా ఉంటాయి, నీళ్లు ఇంకా గడ్డకట్టవు కనుక ఆకుపచ్చ వెలుగు కింద నీళ్లలో కూడా కనిపిస్తుంది. పైగా అది మనకు భాద్రపదం. పెళ్లిళ్లు లేవు. మహాలయ అమావాస్య చూసుకుని టిక్కెట్టు కొంటే మీకు చంద్రుడి బెడద కూడా ఉండదు.

సౌర చక్రం (సూర్యుడి అలజడి సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గడం) శిఖరం 2024లో దాటిపోయిందని, ఇక లాభం లేదని కొందరు భయపెడతారు. ఆ బెంగ హాన్లేలో ఎదురుచూసే వాళ్లది. ఇక్కడ మేము ఆ కాంతి వలయం కిందే ఉన్నాం, మామూలు రాత్రుల్లో కూడా వస్తుంది. మమ్మల్ని ఏడిపించేది మబ్బే. మబ్బు ఉంటే ఫిన్లండ్ సరిహద్దు వైపు లోపలికి వెళ్లాలి, లేదా స్వీడన్‌లోని అబిస్కోకి. కొండల చాటున ఉండడంతో అక్కడ ఆకాశం తరచుగా తెరిపిగా ఉంటుంది.

కంటికి మొదట్లో బూడిదరంగు మబ్బులా అనిపిస్తుంది, నిరుత్సాహపడకండి. బలం పుంజుకున్నప్పుడే కంటికి పచ్చదనం తెలుస్తుంది. మీ 20 సెకన్లు ఇక్కడ పనికిరావు. వెలుగు తెర నెమ్మదిగా ఉంటే 8 సెకన్లు, ఆడడం మొదలుపెడితే 2 సెకన్లు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే మడతలన్నీ కలిసిపోయి పచ్చటి పిండి ముద్ద అవుతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా 3,800 కెల్విన్ దగ్గర ఆపండి.

బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఇంకొకటి మీకు చెప్పనక్కర లేదేమో. ఏసీ కల్యాణ మండపంలోంచి అప్పగింతలకు బయటికి వస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది కదా, ఇక్కడ తిరగబడి ఇంట్లోకి వచ్చేటప్పుడు పడుతుంది. లోపలికి వచ్చే ముందు, చలిలోనే, కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టేయండి. రెండు గంటలు తెరవకండి. నేను మొదటి రాత్రే ఫోటోలు చూసుకునే తొందరలో ఆ సంచి విప్పేసి లెన్స్ లోపలికి చెమ్మ పట్టించుకున్నాను.

ఏడురోడ్ల స్టూడియో (శ్రీకాకుళం)

మాస్టారు గారికి పాదాభివందనం. నిన్నటి అమావాస్యకు వెళ్లి, అదే చోట, అవే సెట్టింగులతో తీశాను. అదే ఎరుపు, అదే కుడివైపు. గ్రాఫు కూడా చూశాను, ఆకుపచ్చ గీత పెళ్లి ఊరేగింపులో తోడిపెళ్లికొడుకులా ఎరుపు వెనకే నడుస్తోంది. కాసేపు దిగులేసిన మాట నిజం. పలాస తమ్ముడూ, మీ నాన్నగారి మాట మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

అయితే మాస్టారు చెప్పారని ఆ రాత్రి తీసిన దక్షిణం ఫ్రేములు మళ్లీ తెరిచాను. ఉత్తరం ఫ్రేము ధ్యాసలో పడి వాటిని ఇన్నాళ్లూ సరిగా చూడనే లేదు. వృశ్చికం కొండి మడత దాకా స్పష్టంగా ఉంది, దిగంతం మీద ఒక్క పడవ దీపం లేదు. 20కి 30 సైజులో ప్రింటు తీయించి స్టూడియోలో కౌంటరు వెనక తగిలించాను. రెండో రోజే ఒక పెళ్లికూతురి తండ్రి వచ్చి, ‘ఈ పొగ సెట్టింగు ఎక్కడ వేశారు?’ అని అడిగారు. సెట్టింగు కాదు, పాలపుంత అని చెప్పాను. అయితే మా పిల్లనూ అల్లుడినీ దీని కిందే నిలబెట్టి తీయమన్నారు.

20 సెకన్లు రెప్ప వేసినా ఫరవాలేదు గానీ కదలకూడదని చెప్పాను. పెళ్లికొడుకు నిలబడతాడట. పెళ్లికూతురు మాత్రం, రాత్రి ఒంటిగంటకు పట్టుచీరలో ఇసుకలో ఎందుకు నిలబడాలో ముందు చెప్పమంది.

బొబ్బిలి అన్నా, భాద్రపదానికి టిక్కెట్టు ధర ఇంచుమించు ఎంత ఉంటుంది?