నీలకురింజిని నీలగోరింట అనవచ్చా?

ప్రశ్న: 2022లో బెంగళూరు నుంచి చిక్కమగళూరు కొండలకు వెళ్లి తీసిన నీలకురింజి ఫోటోలు నిన్న మారతహళ్లిలో మా ఇంటికి వచ్చిన అమ్మకు చూపించాను. "ఈ డిసెంబరాల కోసమా అంత దూరం పోయావు?" అంది. నవ్వాను గానీ అనుమానం పట్టుకుంది. ఈ పువ్వును తెలుగులో నీలగోరింట అనవచ్చా?

జవాబు: అమ్మగారు మరీ తప్పు చెప్పలేదండి. డిసెంబరాలు, నీలకురింజి ఒకే కుటుంబం. మన అడ్డసరమూ అందులోదే. చిక్కంతా గోరింటతోనే. ఇవాళ గోరింట అంటే చేతులు పండే ఆకు. అది వేరే కుటుంబం. కావ్యాల్లోని గోరంట మాత్రం సంస్కృత కురవకం, అంటే డిసెంబరాల జాతి పొద. అమరకోశం రంగును బట్టి పేరు మారుస్తుంది: ఎర్రదైతే కురవకం, పసుపుదైతే కురంటకం, నీలిదైతే బాణం. కాబట్టి పాత అర్థంలో నీలగోరింట అంటే డిసెంబరమే. కురింజికి ఆ పేరు పెడితే మీ అమ్మగారి మాటే నెగ్గినట్టు!

పైగా రెండింటి స్వభావానికీ పొంతన లేదు. గోరంట స్త్రీ కౌగిలింతకే పూస్తుందని కవిసమయం, అంటే కవులు తరతరాలుగా పాటించే ఊహ. కురింజి పన్నెండేళ్లు ఆగి, కొండ వాలంతా ఒక్కసారిగా పూసి, విత్తనాలు రాల్చి ఎండిపోతుంది. పెరట్లో ఏటా పూసే మొక్క కాదు. పశ్చిమ కనుమల్లో సుమారు 1,300 నుంచి 2,400 మీటర్ల ఎత్తున, షోలా అడవుల (కొండ మడతల్లోని పొట్టి చెట్ల అడవులు) పక్కనున్న పచ్చిక బయళ్లలో పెరుగుతుంది. సంగం కాలపు తమిళ కవులు కొండసీమకే కురింజి అని పేరు పెట్టారు. కన్నడంలో గురిగె.

అన్నట్టు, మీరు చూసింది నీలకురింజేనా? నీలకురింజి చెందిన స్ట్రోబిలాంథిస్ ప్రజాతిలో కురింజి అనిపించుకునేవి చాలా ఉన్నాయి. ఒకదానికైతే ఆకు కాడే ఉండదు. ఫోటోలో పువ్వును వదిలి ఆకును చూడండి.

ప్రశ్న: చూశాను, కాడ ఉంది. పోనీ, పుష్కరానికోసారి పూస్తుంది కదా, పుష్కరపువ్వు అంటే?

జవాబు: ముచ్చటగానే ఉంది. కానీ పుష్కరమంటే తామర అనే అర్థం కూడా ఉంది. కొండ మీది పొదను తీసుకెళ్లి చెరువులో దింపినట్టవుతుంది. నేనైతే కురింజి అనే రాస్తాను.

ప్రశ్న: అమ్మ ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది. డిసెంబరాల్లా వీటినీ మాల కట్టవచ్చా అని.

జవాబు: ఆ కొండ మీద మళ్లీ పూసేసరికి 2034 వస్తుందని చెప్పండి.