రోడ్డు విస్తరణ వస్తే లీజు రద్దనే షరతు: గోడ మీద గీత పడగానే మడిగె ఖాళీ చేయాలా?

ప్రశ్న – మడిగె అద్దెదారు, ఖమ్మం

నేను ఖమ్మంలో మందుల దుకాణం నడుపుతున్నాను. మడిగెను మూడేళ్లకు లీజుకు తీసుకొని పద్నాలుగు నెలలైంది. నెలకు రూ.18,000 అద్దె, రూ.1,50,000 అడ్వాన్సు. పత్రంలోని తొమ్మిదో షరతు ఇది: “రోడ్డు విస్తరణ నిమిత్తము మునిసిపాలిటీ వారి నుండి నోటీసు అందిన యెడల, ఈ లీజు ఆ నాటితో తనంతట తానే రద్దయినట్లు భావించవలెను.” రెండు నెలల క్రితం కొలతల సిబ్బంది వచ్చి, మా వీధి గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి వెళ్లారు. మా షట్టరుకు ఎడమ పక్క స్తంభం మీద ఒక బాణం గుర్తు, దాని కింద 2.4 అనే అంకె ఉన్నాయి. కాగితం రూపంలో మాత్రం ఇంతవరకు వీధిలో ఎవరికీ ఏమీ రాలేదు. అయినా యజమాని ఆ గీతతోనే లీజు పోయిందని, నెలాఖరులోగా ఖాళీ చేయకపోతే తన తాళం వేసుకుంటానని అంటున్నారు. గీత పడిన తరువాతి రెండు నెలల అద్దె కూడా ఆయన ఫోన్‌పేలో తీసుకున్నారు. మందుల లైసెన్సు దుకాణం చిరునామాకు ముడిపడి ఉంటుంది కనుక, ఉన్నపళంగా మరోచోటికి మారడం నాకు సాధ్యం కాదు. ఆయన మాట చట్టప్రకారం నిలుస్తుందా?

సమాధానం – సివిల్ న్యాయవాది, వరంగల్

ఇటువంటి షరతు చెల్లుతుంది, ముందుగా ఆ సంగతి ఒప్పుకోవాలి. జరుగుతుందో జరగదో తెలియని సంఘటన జరిగితే బదిలీ అంతటితో ఆగిపోవాలని రాసుకోవచ్చునని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 31వ సెక్షన్ చెబుతుంది. అక్కడి ఉదాహరణలో ఒకరు మరొకరికి జీవితకాలం అనుభవించమని పొలం ఇస్తారు, ఫలానా చెట్ల తోపును నరికితే ఆ హక్కు పోతుందని షరతు పెడతారు. తోపు నరికారు, హక్కు పోయింది. లీజుల విషయంలో ఇదే సూత్రం 111వ సెక్షన్‌లోని (బి) ఖండంలో ఉంది: గడువును ఒక సంఘటనకు ముడిపెడితే, ఆ సంఘటన జరగడంతోనే లీజు ముగుస్తుంది, వేరుగా నోటీసు ఇవ్వనక్కరలేదు. అద్దెదారు షరతు తప్పినందుకు లీజు రద్దు చేసే (జి) ఖండం వేరు. అక్కడ యజమాని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

అయితే తనంతట తానే ముగిసే షరతును అక్షరం దాటకుండా చదవాలి. మీ పత్రంలో ఉన్న మాట “నోటీసు అందిన యెడల” అని మాత్రమే. గీత గీయడం కొలత, అందించిన కాగితం నోటీసు. కొలతలు తీసిన తరువాత పనులు ఏళ్ల తరబడి కదలని వీధులు మనకు కొత్త కాదు కదా. ఒకవేళ గీతనే సంఘటనగా తీసుకున్నా, లీజు ముగిసిన తరువాత యజమాని అద్దె స్వీకరించి మిమ్మల్ని కొనసాగనిచ్చినట్లయితే, 116వ సెక్షన్ ప్రకారం అది నెలవారీ అద్దెగా మళ్లీ మొదలైనట్లే. ఆ ఫోన్‌పే రసీదులు భద్రపరచండి.

ఇక తాళం సంగతి. లీజు నిజంగా ముగిసినా ఆయన కోర్టు ద్వారానే స్వాధీనం పొందాలి. బలవంతంగా తాళం వేస్తే, నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 6వ సెక్షన్ కింద ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఇంతకీ మీ పత్రం రిజిస్టరు అయిందా?

సమాధానం – మూడు మడిగెల యజమాని, నల్గొండ

నేను యజమానుల వైపు మనిషినే, అయినా ఈ యజమాని తొందరపడుతున్నారనే నా అభిప్రాయం. ఒకప్పుడు నేను “యజమాని పునర్నిర్మాణము తలపెట్టిన యెడల లీజు రద్దు” అని రాయించబోతే, మా వకీలుగారు పెన్ను పక్కన పెట్టి, తలపెట్టడం మీ చేతిలోనే ఉంది కనుక ఇది షరతు కాదు, మీకు తోచినప్పుడు పంపించే అధికారమని అన్నారు. ఇప్పుడు నా పత్రాలలో నోటీసు ఏ అధికారి నుండి రావాలో, దాని నకలు ఎన్ని రోజులలో అద్దెదారుకు ఇవ్వాలో, నకలు అందిన తరువాత 60 రోజులు గడువని, ఖాళీ చేసిన రోజే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని రాయిస్తున్నాను. అడ్వాన్సు మాట లేకుండా రద్దు మాట ఒక్కటే రాస్తే తగవు అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు

రిజిస్టరు కాలేదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాము.

సమాధానం – సివిల్ న్యాయవాది, వరంగల్

అలాగైతే కథ మారింది. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలని ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ చెబుతున్నాయి. నోటరీ ముద్ర ఆ లోటును తీర్చదు. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను నిరూపించడానికి 49వ సెక్షన్ అడ్డు వస్తుంది. కనుక ఆయన తొమ్మిదో షరతును కోర్టులో చూపలేరు, మీరు మూడేళ్ల గడువునూ చూపలేరు. మీకు మిగిలేది నెలవారీ అద్దె సంబంధం మాత్రమే. దానిని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఆ సంగతి ఆయన వకీలుకు కూడా తెలిసే ఉంటుంది కనుక, షరతు మీద గెలిచినంత మాత్రాన మూడేళ్లు పూర్తి చేయగలమని ఆశపడకండి. కుదిరితే మిగిలిన కాలానికి కొత్త పత్రం రాయించి రిజిస్టరు చేయించుకోండి. కుదరకపోతే అడ్వాన్సుకు, లైసెన్సు మార్పుకు సరిపడే గడువు రాతపూర్వకంగా తీసుకోండి. మీరు బిగించిన అరలను స్వాధీనంలో ఉన్నంతవరకు విప్పి తీసుకుపోయే హక్కు 108వ సెక్షన్‌లోని (హెచ్) ఖండం ఇస్తుంది, మడిగెను తీసుకున్నప్పటి స్థితిలో అప్పగిస్తే చాలు. ఈలోగా స్తంభం మీది ఆ గుర్తును తేదీ కనబడేలా ఫోటో తీసి ఉంచుకోండి, సున్నం వేస్తే అది కూడా పోతుంది.