తాతగారి రేకుపెట్టెలో మూడు ఫిషింగ్ రీళ్లు: ఏ కాలం నాటివో తేల్చడం ఎలా?

మర్రిపాలెం: అందరికీ నమస్కారం. మా తాతగారు విశాఖ పోర్టులో టగ్గు మీద పనిచేశారు. అటక మీదున్న ఆయన రేకుపెట్టెలో మూడు పాత ఫిషింగ్ రీళ్లు (గాలం దారం చుట్టే చక్రాలు) దొరికాయి. ఒకటి నల్లగా, బరువుగా ఉంది. దాని మీద పెన్, సెనేటర్ 6/0 అని చెక్కి ఉంది. పక్కనే నలిగిన అట్టపెట్టె. రెండోది ఎర్రది, తోలు సంచిలో ఉంది: అబూ అంబాసడర్ 5000, స్వీడన్. మూడోది కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మిచెల్ 302, ఫ్రాన్స్. ఇవి ఏ కాలం నాటివి? పాత సామాన్లు కొనే ఆయన బ్రిటిష్ వాళ్ల కాలం నాటివంటూనే, మూడూ కలిపి ఒకే ధరకు ఇచ్చేయమంటున్నాడు. అమ్మేముందు చింతపండుతో తోమితే తళతళలాడతాయని అమ్మ అంటోంది. తోమవచ్చా?

భీమిలి: అమ్మా, ముందు ఆ చింతపండు మాట మానిపించండి. ఇత్తడి కుందులకు పనికొచ్చే వైద్యం వీటికి పనికిరాదు. సెనేటర్‌లో మెరిసే భాగాలు చాలావరకు ఇత్తడి మీద క్రోమ్ పూత వేసినవి. మన ఉప్పుగాలికి పూత కింద పచ్చగా చిలుము పట్టి ఉంటే, తోమగానే పూత పొరలుగా లేచి వస్తుంది. ఎర్ర రీలు ఇంకా సున్నితం. ఆ ఎరుపు పైన పూసిన పెయింటు కాదు, అల్యూమినియం పైపొరలోకి ఎక్కించిన రంగు. పులుపు తగిలినా, బట్టల సోడా తగిలినా వెలిసిపోతుంది. మెత్తటి పాత నూలుగుడ్డ, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మామూలు సబ్బు చాలు. తుడిచిన వెంటనే ఆరబెట్టండి. చెక్కిన అక్షరాల మీద మాత్రం ఒత్తి రుద్దకండి. వయసు తేల్చడానికి సాక్ష్యం అవే.

ఇక బ్రిటిష్ కాలం కబురు. అంబాసడర్ 5000 మొదటిసారి అమ్మకానికి వచ్చిందే 1952లో. అంటే ఆ ఎర్రదాని విషయంలో ఆయన మాట అక్కడే తేలిపోయింది. అబూ సంస్థ 1921లో స్వీడన్‌లోని స్వాంగ్‌స్టాలో మొదలైంది. రీళ్లకంటే ముందు గడియారాలు, టాక్సీ మీటర్లు చేసేది. పెన్ సంస్థ 1932లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది, సెనేటర్ 1936లో వచ్చింది. కాబట్టి మీ నల్లది స్వాతంత్ర్యానికి ముందుది కావచ్చు, కాకపోనూవచ్చు. దాదాపు అదే రూపంలో దాన్ని దశాబ్దాలపాటు చేశారు. దాని మీది అంకెలు సీరియల్ నంబర్లని చాలామంది పొరబడతారు. అవి సైజు, మోడల్ మాత్రమే.

పాత పోస్టాఫీసు: ఆ నలిగిన అట్టపెట్టెను పారేయకండి మేడం. దాని మీది చిరునామాలో ఫిలడెల్ఫియా పక్కన ఏముందో చూడండి. రెండంకెల సంఖ్య, అంటే 32 అని ఉంటే 1943, 1963 మధ్యది. అమెరికా తపాలా శాఖ 1943లో పెద్ద నగరాలను మండలాలుగా విడగొట్టి అలాంటి అంకెలిచ్చింది. 1963 జులైలో ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. అప్పుడు ఆ 32 కాస్తా 19132 అయింది. చేతిలో ముద్రించి ఉన్న అట్టలు అయిపోయేదాకా వాడటం వ్యాపారంలో మామూలే, కనుక ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలిపెట్టండి.

అట్ట మీద మన దేశపు దుకాణం చీటీ అంటించి ఉంటే మరీ మంచిది. ధర రూపాయి, అణా, పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది. నయా పైసలని ఉంటే అప్పటినుంచి 1964 జూన్‌లోపు. ఆ తర్వాత ‘నయా’ ఎగిరిపోయి ఉత్త పైసలు మిగిలాయి. ఆరంకెల పిన్‌కోడ్ కనిపిస్తే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఆ చీటీని గీకి తీయకండి. విదేశీ సేకర్తలు చూసి దాటిపోయే ఈ ఆధారం మనకు మాత్రం చాలా విలువైనది.

మర్రిపాలెం: చూశానండీ. ఫిలడెల్ఫియా 32 అనే ఉంది! కలకత్తా దుకాణం చీటీ ఉంది. ధర చివర ‘న.పై.’ అన్న అర్థంలో రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అయితే 1957, 1963 మధ్యది అన్నమాట. రీలు వయసు తేలిపోయినట్టేనా?

భీమిలి: తేలింది పెట్టె వయసమ్మా. పెట్టె కొసన మోడల్ నంబరు ముద్రించి ఉంటుంది, అదెంత?

మర్రిపాలెం: 113.

భీమిలి: నా అనుమానం నిజమైంది. 113 అంటే సెనేటర్ 4/0. మీ చేతిలో ఉన్నది 6/0, దాని నంబరు 114. ఈ పెట్టె ఈ రీలుది కాదు. తాతగారి దగ్గర చిన్నది కూడా ఉండేదేమో, ఎవరికైనా ఇచ్చేశారేమో. లేదా ఓడ మీది సరంగు ఎవరో పెట్టె ఒకటి, రీలు ఒకటి ఇచ్చి ఉండవచ్చు. రేవు ఊళ్లలో సామాను ఇలాగే చేతులు మారుతుంది. పెట్టెను, రీలును ఒక జంటగా అమ్మితే తెలిసిన కొనుగోలుదారు ఒక్క చూపులో పట్టేస్తాడు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా నమ్మడు.

రీలులో కూడా అన్ని భాగాలూ ఒకే వయసువి కానక్కరలేదు. పిడి, దారం చుట్టుకునే స్పూలు, చేప లాగినప్పుడు దారాన్ని బిగపట్టే లోపలి డ్రాగ్ వాషర్లు అరిగితే మార్చుకునేవే. పక్క పలకలూ, గాలపు కర్రకు బిగించే పాదమూ ఏం చెబుతున్నాయో ముందు చూసి, ఆ తర్వాతే మిగతావాటి మాట వినండి. స్క్రూల గాడి అంచులు చితికి ఉంటే ఎవరో విప్పారని అర్థం. మీరు విప్పాల్సివస్తే గడియారాలు బాగుచేసేవారు వాడే స్క్రూడ్రైవర్ తీసుకోండి, గాడిలో వదులు లేకుండా కూర్చోవాలి. ఒక్కో భాగం తీసినప్పుడల్లా ఫొటో తీసుకోండి. పళ్లచక్రాలకు పట్టిన పాత గ్రీజును కిరసనాయిలు, కుంచెతో తీయవచ్చు. వాషర్లకు మాత్రం కిరసనాయిలు, నూనె తగలనివ్వకండి.

లాసన్స్ బే: అక్కా, ఎర్ర రీలు పాదం కింద చూశారా? 1970ల మధ్య నుంచి అబూ వాళ్లు అక్కడ ఆరంకెలు కొట్టేవారు. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ నెల. ఉదాహరణకు 760500 అంటే 1976 మే. మూడు రీళ్లలో తేదీ నేరుగా చెప్పగలిగేది ఇదొక్కటే.

స్పూలు మీద దారం మిగిలి ఉంటే కొస నుంచి అంగుళం ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నార లేదా నూలు దారం. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే నైలాన్. నైలాన్‌ను ప్రపంచానికి ప్రకటించింది 1938లో. గాలం దారంగా వాడకం బాగా పెరిగింది యుద్ధం తర్వాతే. అయితే దారం రీలుకంటే చిన్నదే కావచ్చు, కాబట్టి దీన్ని చిన్న ఆధారంగానే లెక్కపెట్టండి.

మర్రిపాలెం: ఎర్రదాని పాదం నున్నగా ఉంది తమ్ముడూ, అంకెల్లేవు. సెనేటర్ దారం కాలిస్తే కరిగి పూస కట్టింది.

లాసన్స్ బే: అయితే ఎర్రది 1952కు, 1970ల మధ్యకాలానికి నడుమది. తోలు సంచి కూడా దీనికి సరిపోతుంది. పాత అంబాసడర్లు అలాంటి సంచిలోనే, చిన్న పనిముట్టుతో, నూనె గొట్టంతో వచ్చేవి. సంచి అడుగున ఆ రెండూ ఉన్నాయేమో వెతకండి.

పాత పోస్టాఫీసు: మిచెల్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇది ఫ్రాన్స్‌లోని క్లూజ్ పట్టణంలో కార్పానో ఎ పోన్స్ సంస్థ చేసినది. 302 సముద్రపు చేపల కోసం చేసిన పెద్ద సైజు. దారాన్ని పట్టే తీగ స్పూలు చుట్టూ పూర్తిగా తిరిగి ఉందా, సగం దాకా వచ్చి ఆగిందా? ఈ సంస్థ రీళ్లలో సగం తీగవి బాగా తొలినాటివి. గార్సియా అన్న పేరుంటే అమెరికాలో అమ్మడానికి చేసినది. మన రేవుకు ఐరోపా ఓడలో వచ్చి ఉంటే ఆ పేరు ఉండదు.

మర్రిపాలెం: తీగ పూర్తిగా ఉంది, గార్సియా పేరు లేదు. మరి అమ్మడం మాటేమిటి?

భీమిలి: మూడూ కలిపి ఇవ్వకండి. తూకం లెక్కన కొనేవాడికి ఎర్రదీ నల్లదీ ఒకటే. అంబాసడర్‌ను సంచి, పనిముట్టుతో విడిగా చూపించండి. 113 అట్టపెట్టెను కూడా విడిగానే ఉంచండి. పెట్టె లేని 4/0 ఉన్నవాడు దాని కోసం వెతుకుతూ ఉంటాడు. అమ్మేదాకా ఎర్ర రీలును తోలు సంచిలోంచి బయటపెట్టండి. సముద్రం పక్క ఊరిలో తోలు తడిని పట్టుకుని లోహాన్ని తినేస్తుంది. సంచిని నీడలో ఆరనిచ్చి కాగితాలు కూరి ఉంచండి, రీళ్లను మూతపెట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. వానాకాలంలో ఆ పొట్లాలు మారుస్తూ ఉండాలి.