ఓడలో దొంగతనం కథ: టీవీ కోసం డిటెక్టివ్‌ని ఓడ ఎక్కించవచ్చా?

పెన్నాతీరం (నెల్లూరు):
అగాథా క్రిస్టీ 1923లో రాసిన 'ది మిలియన్ డాలర్ బాండ్ రాబరీ' గురించి ఈ చర్చ. ముగింపు కూడా చెప్పక తప్పదు కాబట్టి, కథ చదవనివారు ముందు చదివి రండి.

లండన్ బ్యాంకు ఒకటి పది లక్షల డాలర్ల లిబర్టీ బాండ్లను (అమెరికా ప్రభుత్వ రుణపత్రాలు) ఒలింపియా అనే ఓడలో న్యూయార్కుకు పంపుతుంది. వాటిని తీసుకువెళ్లేది జనరల్ మేనేజరు మేనల్లుడు. రేవు ఇంకా కొన్ని గంటల దూరంలో ఉందనగా చూసుకుంటే పెట్టెలో బాండ్లు లేవు. ఓడంతా గాలించినా దొరకలేదు. తీరా ఓడ రేవుకు చేరిన అరగంటలోనే అవి ఊళ్లో అమ్ముడుపోతున్నాయి. ఒకాయన మాత్రం ఓడ రాకముందే కొన్నానని ఒట్టేసి చెబుతాడు. అందరూ కొట్టిపారేసిన ఆ మాటనే క్రిస్టీ డిటెక్టివ్ పోయిరో పట్టుకుంటాడు. అసలు బాండ్లు ఆ ఓడ ఎక్కనే లేదు. పెట్టెలో పెట్టింది ఉత్త కాగితాల కట్ట. సరుకు ముందే వేరే దారిన వెళ్లిపోయింది.

1991లో డేవిడ్ సూషే నటించిన టీవీ రూపంలో ఓడ క్వీన్ మేరీ అయింది, కాలం 1936కు జరిగింది, పోయిరో, అతని మిత్రుడు హేస్టింగ్స్ ఇద్దరూ ప్రయాణికులయ్యారు. కథలో పోయిరో సముద్రం దాటడు. లివర్‌పూల్ రేవులో ఆగి ఉన్న ఓడను చూసి వస్తాడు, అంతే. ఓడలో జరగని దొంగతనానికి డిటెక్టివ్‌ని ఓడ ఎక్కించడం తప్పని నా వాదన. దూరంగా కూర్చుని, నలుగురు చెప్పినది విని, తేదీలు సరిపోల్చి తేల్చడమే ఆ కథ గొప్పతనం.

ఒంగోలు పాఠకుడు:
పెన్నాతీరం గారూ, ఒప్పుకోలేను. కథలో ఓడ మీద జరిగినదంతా ఆ మేనల్లుడు భోజనాల బల్ల దగ్గర చెబుతాడు. చదవడానికి బాగుంటుంది. టీవీలో ఒక మనిషి కూర్చుని చెబుతూ ఉంటే ఎంతసేపు చూస్తారు? క్వీన్ మేరీ తొలి ప్రయాణం 1936 మేలో నిజంగా జరిగినదే. ఆ సందడి కళ్లకు కట్టించడం టీవీకి ఉన్న బలం. పైగా ప్రేక్షకుడు ఓడలో ఉంటే ఓడలోని వాళ్లనే అనుమానిస్తాడు. దొంగ కోరుకున్నదీ అదే కదండీ!

పెన్నాతీరం (నెల్లూరు):
ఆ చివరి మాట బలమైనదే. కానీ ప్రేక్షకుణ్ణి ఓడ ఎక్కించండి, డిటెక్టివ్‌ని ఎందుకు? అంతటి బుర్ర ఉన్నవాడు పక్క గదిలోనే ఉండగా దొంగతనం జరిగిందంటే, కథ అతని సామర్థ్యం మీదికి మళ్లుతుంది. పెట్టె తాళాన్ని ముందు మొరటుగా కెలికి, తర్వాత తాళంచెవితోనే తీశారు. తాళంచెవి ఉన్నవాడు తాళాన్ని కెలకడం ఎందుకు? ఈ ప్రశ్న వేయడానికి అట్లాంటిక్ దాటాలా?

గూడూరు అభిమాని:
ఇద్దరికీ నమస్కారం. మన ప్రాంతానికి మార్చి తీస్తే? బకింగ్‌హాం కాలువ ఉండనే ఉంది. పెదగంజాం నుంచి మద్రాసు దాకా పడవలు తిరిగిన దారి. గూడూరు అభ్రకం పెట్టెలు పడవలో మాయమైనట్టు పెట్టుకోవచ్చు. అయితే హక్కుల సంగతి చూసుకోవాలి. రచయిత్రి 1976లో మరణించారు. మన చట్టం ప్రకారం మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే 2036 చివరి దాకా అనుమతి తప్పనిసరి.

ఒంగోలు పాఠకుడు:
అభ్రకం కుదరదండీ. బాండ్లు ఎవరి చేతిలో ఉంటే వారివన్నట్టు చెల్లిపోవాలి, చిన్న కట్టలో ఇమడాలి. అభ్రకం బరువు. నోట్ల కట్టలైతే నయం. కానీ పడవ ఒక్కటే దారి అయినప్పుడు 'ముందే వెళ్లిన సరుకు' ఎలా వెళ్తుంది?

పెన్నాతీరం (నెల్లూరు):
రైల్లో! బెజవాడ–మద్రాసు మార్గం 1899కల్లా పూర్తయింది. పడవ తెరచాప మీద, గాలి లేకపోతే ఒడ్డున తాడు పట్టి లాగేవాళ్ల మీద నడుస్తుంది. లాకుల దగ్గర ఆగాలి, నీళ్లు సమమయ్యే దాకా వేచి ఉండాలి. నెల్లూరులో రైలెక్కిన కట్ట మద్రాసు చేరేసరికి పడవ ఇంకా దుగరాజపట్నం దరిదాపుల్లోనే ఉంటుంది. గూడూరు గారు చూపిన దారిలో అసలు కీలకం చెక్కు చెదరదు. మిగతాది ఎంత మార్చినా నాకు అభ్యంతరం లేదు.

అభ్రకాన్నీ వెంటనే వదిలేయకండి. నెల్లూరు ఆకుపచ్చ అభ్రకానికి వ్యాపారంలో పేరుంది, చూడగానే గుర్తుపడతారు. బరువంటారా, రైలుకు బరువేమిటి? పడవ ఎక్కిన పెట్టెల్లో రాళ్లుంటే సరి.

గూడూరు అభిమాని:
సులువుగా గుర్తుపట్టే సరుకైతే కొన్న వ్యాపారి అదే రోజు దొరికిపోడా?

పెన్నాతీరం (నెల్లూరు):
దొరకాలి, మనకు కావలసింది అదే. అతని చిట్టాలో కొనుగోలు తేదీ పడవ చేరిన రోజుకు ముందుదై ఉంటుంది. గుమాస్తా పొరపాటున రాశాడని పోలీసులు వదిలేస్తారు. మన డిటెక్టివ్ మాత్రం పడవ ముఖం చూడకుండా, నెల్లూరులో కూర్చుని, లాకుల దగ్గర రాసిన రాకపోకల పుస్తకాన్నీ ఆ చిట్టానూ పక్కపక్కన పెడతాడు. ఒంగోలు గారూ, పడవలో సందడంతా మీ ఇష్టం వచ్చినట్టు చూపించండి. ఈ ఒక్క గదిని నాకు వదిలేయండి.

ఒంగోలు పాఠకుడు:
ఆ గది సన్నివేశం నాలుగు నిమిషాలు దాటకపోతే ఒప్పుకుంటాను. అంతకు మించితే మనవాణ్ణి పెదగంజాంలోనే పడవ ఎక్కిస్తాను.