500 రూపాయల కోసం నెల రోజులుగా నిద్ర లేదు. ఇది స్వభావమా, జబ్బా?

ప్రశ్న:
హనుమకొండలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో చేస్తాను. పోయిన నెల ఒకరోజు సాయంత్రం లెక్క చూస్తే 500 తక్కువొచ్చింది. నా డబ్బులు వేసి సరిచేశాను. అక్కడితో అయిపోవాలి కదా! ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఆ రోజు వచ్చినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, చీకట్లో దుప్పటి అంచు పట్టుకుని నోట్ల కట్టలా లెక్కపెడుతుంటాను. పక్క కౌంటర్ అమ్మాయికి ఒకసారి 2,000 తక్కువొస్తే, ఇంటికెళ్లి చారన్నం తిని హాయిగా పడుకుంది. మావారేమో "నీది పుట్టుకతో వచ్చిన భయం, మారదు" అంటారు. నిజంగా మారదా?

జవాబు 1:
చెల్లీ, నేను ఆ పక్క కౌంటర్ అమ్మాయి టైపు. అందరూ నాకు టెన్షనే లేదనుకుంటారు. షుగర్ టెస్టు చేయించుకుని, ఆ రిపోర్టు కవరు నాలుగు నెలలుగా బీరువాలో చీరల కింద పెట్టి ఉంచాను. ఇంకా విప్పలేదు. నిద్ర మాత్రం బాగానే పడుతుంది. మీరు దాన్ని చూసి అసూయపడకండి.

జవాబు 2:
నేను కౌన్సెలర్‌ని. మీలాంటి స్వభావాన్ని మా చదువులో న్యూరోటిసిజం అంటారు. అది జబ్బు కాదు, కానీ ఎక్కువగా ఉన్నవాళ్లకి ఆందోళన, డిప్రెషన్ త్వరగా పట్టుకుంటాయి. మారదన్నది మాత్రం తప్పు. 2017లో 207 అధ్యయనాలను కలిపి చూస్తే, చికిత్స తీసుకున్నవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా మారింది ఈ గుణమే. సగటున 24 వారాల్లో.

రోజూ సాయంత్రం ఒకే చోట, ఒకే టైముకి అరగంట కూర్చుని ఆ దిగులంతా కాగితం మీద పెట్టండి. రాత్రి గుర్తొస్తే "రేపు సాయంత్రం చూద్దాం" అనుకోండి. నిద్ర చెడి నెలైంది కాబట్టి డాక్టరుకి కూడా చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:
పది రోజులుగా ఆరున్నరకి మేడమెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. మొదటి రోజు నాలుగు పేజీలు. నిన్న అర పేజీ దాటలేదు, రాయడానికి ఏమీ మిగల్లేదు. మెలకువ ఇంకా వస్తోంది కానీ దుప్పటి లెక్కపెట్టడం తగ్గింది. నిన్న 14416కి చేశాను, సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

అన్నయ్యా, ఆ కవరు విప్పారా?

జవాబు 1:
మీరు అడిగారని ఇప్పుడే విప్పాను చెల్లీ. మూడు నెలల షుగర్ 8.2 ఉంది. మా ఆవిడకి చూపించాను. పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రికి వెళ్తాం.