గుడ్డు పెంకు మీద జాలీ చెక్కుతుంటే పగుళ్లు వస్తున్నాయి: లోపం ఎక్కడ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి కొమ్ముపని గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ పనివారి దగ్గర కూర్చుని కొంత చేయి తిరిగిన తరువాత, కటకం వెండి తారకసిలో కనిపించే తీగెల అల్లికను ఖాళీ చేసిన గుడ్డు పెంకుల మీద చెక్కాలనే కోరిక నాకు కలిగింది. కోడిగుడ్డుకు రెండు కొనల్లోనూ సన్నని రంధ్రాలు చేసి, సొనను ఊది తీసి, సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టిన తరువాత, పెన్సిలుతో నమూనా గీసుకుని, నిమిషానికి 35,000 సార్లు తిరిగే మైక్రోమోటారుతో కోస్తున్నాను. గుడ్డు నడుము చుట్టూ మొదటి వరుస కిటికీలు చక్కగానే వస్తాయి. మూడో వరుస మొదలుపెట్టేసరికి ఏదో ఒక కిటికీ మూల నుంచి వెంట్రుకంత పగులు బయలుదేరి, చూస్తూండగానే చుట్టూ తిరిగి వస్తుంది.

లోపం పెంకు మందంలో ఉన్నదా, పనిముట్టులో ఉన్నదా? లోపలి పలుచని పొరను కోయడానికి ముందే తీసివేయాలా? రష్యా చక్రవర్తుల కోసం చేసిన ఫబెర్జే గుడ్లను అంత నాజూకుగా ఎలా చెక్కారో కూడా తెలిసినవారు చెప్పగలరు.

పలువరుస (బరంపురం)

మహేంద్రతనయ గారికి,

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను కనుక, మీరు వాడే పనిముట్టుతోనే నాకు రోజంతా గడుస్తుంది. కోడిగుడ్డు పెంకు మందం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో నూటికి 94 పాళ్ల వరకు కాల్షియం కార్బనేటే, అంటే గుల్లసున్నం కోసం కాల్చే నత్తగుల్లల్లో ఉండే పదార్థమే. ఆ స్ఫటికాలు లోపలి నుంచి బయటికి నిలువుగా, పక్కపక్కనే పేర్చినట్లు ఉంటాయి కాబట్టి వాటి సందుల వెంట పగులు సులువుగా పరుగెత్తుతుంది. కొమ్ము సంగతి వేరు. అది కెరటిన్, అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే, కొంత వంగి ఒత్తిడిని ఓర్చుకుంటుంది. కొమ్ము మీద అలవాటైన చేతి బరువే ఇక్కడ మీకు అడ్డం వస్తున్నదని నా అనుమానం.

ఇంకొక విషయం. గుడ్డును బయటి నుంచి అన్నివైపులా సమంగా నొక్కితే నిలుస్తుంది, లోపలి నుంచి చిన్న పోటు తగిలినా విచ్చుకుంటుంది. పిల్ల బయటకు రాగలిగేది అందువల్లనే. బర్, అంటే మోటారు కొనలో తిరుగుతూ కోసే సన్నని ములుకు, పెంకును తొలిచి లోపలికి దిగేటప్పుడు కన్నా, దానిని బయటకు తీసేటప్పుడు అంచును పట్టి పైకెత్తే ప్రమాదం ఎక్కువ. తిరుగుతున్నప్పుడే, ఏమాత్రం వాలకుండా, దిగిన దారినే బయటకు తీయండి.

ఈ పనిలో ఆరితేరినవారు చాలామంది దంతవైద్యుల వద్ద ఉండే గాలి టర్బైనును వాడతారు. అది నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది, ఒత్తనవసరం లేదు, తాకిస్తే చాలు. దానికి కంప్రెసరు కూడా కావాలి కనుక ఇప్పుడే కొనమని నేను చెప్పను. మీ మైక్రోమోటారుకే సన్నని డైమండ్ బర్ బిగించి, అది తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతున్నదేమో చూసుకోండి. ఊగే బర్ పెంకును కోయదు, కొడుతుంది.

పొరను ముందుగా తీయవద్దు. కోసేటప్పుడు పెంకును పట్టి ఉంచేది అదే. పని పూర్తయ్యాక నీళ్లు కలిపిన బ్లీచ్ ద్రావణంలో, అంటే సోడియం హైపోక్లోరైటులో, నానబెడితే పొర కరిగిపోతుంది. వెనిగర్ వంటి పులుపు మాత్రం తగలనీయకండి. అది పెంకునే తినివేస్తుంది, బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. కోసేటప్పుడు లేచే పొడి చాలా మెత్తనిది కాబట్టి ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా కూర్చోవద్దు.

ఫబెర్జే గుడ్లు అసలు పెంకులే కావు. 1885లో మూడవ అలెగ్జాండర్ తన భార్య కోసం చేయించిన మొదటి గుడ్డు బంగారం, దాని పైన తెల్లని ఎనామెల్. మనకు అక్కడ నేర్చుకోవలసినది లేదు.

మెలికలముగ్గు (గుణుపురం, రాయగడ జిల్లా)

పలువరుస గారు చెప్పినవి నిజమే అయినా, అసలు దోషం నమూనాలోనూ కోసే వరుసలోనూ ఉన్నదని నాకు అనిపిస్తున్నది. పగులు “కిటికీ మూల నుంచి” వస్తున్నదని మీరే వ్రాశారు. పదునైన మూల ఉన్నచోటే ఒత్తిడి అంతా చేరుతుంది. ముందుగా ప్రతి మూలలోనూ ఒక గుండ్రని చిన్న రంధ్రం తొలిచి, ఆ తరువాత రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కోయండి.

తారకసిలో తీగెకు తీగెను అతుకుతారు. పెంకులో అతికే అవకాశం లేదు. మెలికల ముగ్గును గుడ్డు మీద గీసి గీతనే కోస్తూ పోయామనుకోండి, చుక్క చుట్టూ గీత మూసుకున్న ప్రతిచోటా ముక్క రాలిపడుతుంది. అందుచేత గీతను మిగిల్చి, మధ్యనున్న ఖాళీలను కోయాలి. మిగిలిన గీత ఎక్కడా తెగకుండా ఒకదానిలో ఒకటి కలవాలి, కోడిగుడ్డు మీదనైతే అది అగ్గిపుల్ల మందానికి తగ్గకూడదు. నడుము చుట్టూ వరుస మీద వరుస కోస్తే గుడ్డు అక్కడే వదులవుతుంది. పై నుంచి కిందికి నిలువు పట్టీలుగా విభజించుకుని, పట్టీకీ పట్టీకీ మధ్య కోయని పెంకును వదలండి. వేళ్లు ఎప్పుడూ ఆ కోయని భాగం మీదనే ఆనాలి. పెద్ద ఖాళీలను చివరికి ఉంచుకోండి.

గోదారిగట్టు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

కోడిగుడ్డు మీద జాలీతో మొదలుపెట్టడమే నాకు సరిగా తోచలేదు. గోధుమరంగు గుడ్డులో రంగు చాలావరకు పైపొరల్లోనే ఉంటుంది. సూదిమొన వంటి దానితో గీకితే తెల్లని గీత తేలుతుంది. తూర్పు జర్మనీలోని సోర్బులు రంగు వేసిన గుడ్లను ఇలాగే గీకి అలంకరిస్తారు. దీనితో చేతి బరువు అదుపులోకి వస్తుంది, పెంకూ దక్కుతుంది.

జాలీకి పెద్దబాతు గుడ్డు మేలు, మందం అర మిల్లీమీటరుకు పైనే ఉంటుంది. ఈము గుడ్డు దొరికితే ఇంకా మంచిది. పైన ముదురు ఆకుపచ్చ, దాని కింద లేత నీలిపచ్చ, అట్టడుగున తెలుపు ఉంటాయి కనుక, లోతు మార్చి చెక్కితే రంగు వేయకుండానే మూడు ఛాయలు వస్తాయి. ఒకప్పుడు మా వైపు ఈము పెంపకం మీద డబ్బు పెట్టి దెబ్బతిన్నవారు ఎందరో ఉన్నారు. ఇంకా పక్షులను ఉంచుకున్నవారి దగ్గర శీతాకాలంలో అడిగి చూడండి. నెమలి గుడ్లు తెచ్చిస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను. మా మహారాష్ట్రలోనే జళగావ్ జిల్లా పాట్నేలో పురావస్తు పరిశోధకుడు ఎస్.ఎ. సాలీ జరిపిన తవ్వకాలలో అడ్డగీతలు చెక్కిన నిప్పుకోడి గుడ్డు పెంకు ముక్క బయటపడింది. దాని వయస్సు సుమారు 25,000 ఏళ్లు. అయితే నిప్పుకోడి పెంకు మందం 2 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, ఆనాటి పనివాడికి మీ చిక్కు ఉండి ఉండదు.

మహేంద్రతనయ

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇక్కడ బాతుగుడ్లు సులువుగా దొరుకుతాయి కనుక నిలువు పట్టీల పద్ధతిని వాటి మీద చేసి చూస్తాను. ఒక్క సందేహం: పెంకు గట్టిపడటానికి కోయక ముందే వార్నిష్ పూయవచ్చునా?

పలువరుస

వద్దండీ. వార్నిష్ వేడికి మెత్తబడి బర్‌కు చుట్టుకుంటుంది, పైగా పెన్సిలు గీత చెరిగితే మళ్లీ గీయడం కష్టం. కోయడం, బ్లీచ్‌లో నానబెట్టడం, మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వడం, ఇవన్నీ అయిన తరువాత అక్రిలిక్ వార్నిష్‌ను పలుచగా, ఒక పూత ఆరాక మరొకటిగా వేయండి. ఒకేసారి దట్టంగా పూస్తే సన్నని ఖాళీల్లో వార్నిష్ నిలిచి జాలీ పూడుకుపోతుంది.