లింకేజ్ ఫోర్కు వేస్తే బ్రేకు మీద ముందు దిగబడదా? తాటిపూడి, రామతీర్థం దారులకి ఆగుతుందా?

చంపావతి_29 (విజయనగరం)

అందరికీ నమస్కారం. బండి 29 అంగుళాల చక్రాల కొండ సైకిలు, హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), హెడ్ యాంగిల్ (స్టీరింగు గొట్టం నేలతో చేసే కోణం) 67 డిగ్రీలు, ముందు 120 మి.మీ. గాలి ఫోర్కు, 180 మి.మీ. బ్రేకు రోటరు. నా బరువు 74 కిలోలు. తాటిపూడి జలాశయం వైపు కొండ దారుల్లో దిగేటప్పుడు ఎర్ర గ్రావెల్ మీద ముందు బ్రేకు నొక్కగానే ఫోర్కు సగం దాకా దిగబడిపోతోంది. సరిగ్గా అప్పుడే గుండ్రాయి తగిలితే హ్యాండిల్ ఠక్కున అడ్డం తిరుగుతోంది. గాలి పెంచితే దిగబడటం తగ్గుతోంది గానీ రామతీర్థం కొండల కింద రాతి పలకల మీద చేతులు జివ్వుమంటున్నాయి.

సెకండ్ హ్యాండులో ట్రస్ట్ కంపెనీ మెసేజ్ ఫోర్కు ఒకటి అమ్మకానికి ఉంది. 130 మి.మీ., కార్బన్ లింకేజ్ ఫోర్కు (గొట్టాలు జారే బదులు లింకులు కీళ్ల మీద ఊగే రకం). బ్రేకు మీద నిజంగా దిగబడదా? చేతికి ఎలా ఉంటుంది? సముద్రం గాలి తగిలే మన ప్రాంతంలో ఆ బేరింగులు ఎన్నాళ్లు ఆగుతాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

వంశధార_గట్టు (శ్రీకాకుళం)

తమ్ముడూ, దిగబడితే ఏమవుతుందో ముందు అంకెల్లో చూడు. 67 డిగ్రీలు, 44 మి.మీ. ఆఫ్‌సెట్ (స్టీరింగు గీతకి ఇరుసు ఎంత ముందుందో), 29 చక్రం వేసి లెక్క కడితే ట్రెయిల్ (స్టీరింగు గీత నేలని తాకే చోటుకి టైరు ఎంత వెనక ఆనుతుందో) సుమారు 109 మి.మీ. వస్తుంది. ఫోర్కు 60 మి.మీ. దిగబడిందంటే హెడ్ యాంగిల్ దాదాపు 70 అవుతుంది, ట్రెయిల్ 88కి పడిపోతుంది. హార్డ్‌టెయిల్‌కి వెనక దిగేదేమీ లేదు కాబట్టి బండి మొత్తం ముందుకే వాలుతుంది. చక్రాన్ని తిన్నగా పట్టి ఉంచేది ఆ ట్రెయిలే. పల్లంలో, బ్రేకు మీద, రాయి ఎదురుగా ఉన్నప్పుడే దానిలో దాదాపు అయిదో వంతు పోతోంది. నీ హ్యాండిల్ అడ్డం తిరుగుతున్నది అందుకే.

ఇంకొకటి గొట్టాల లోపల జరుగుతుంది. టెలిస్కోపిక్ ఫోర్కులో గొట్టంలో గొట్టం జారాలి. బ్రేకు నొక్కితే నేల చక్రాన్ని వెనక్కి లాగుతుంది, ఫోర్కు కాళ్లు వెనక్కి వంగబోతాయి, స్టాంచియన్ (లోపలి గొట్టం) వెళ్లి బుష్ (అది జారే పట్టీ) అంచులకి ఒత్తుకుంటుంది. బీరువా సొరుగుని ఒక మూల పట్టుకుని తోస్తే బిగుసుకుంటుంది చూడు, అలాగ. బ్రేకు మీద చిన్న గులకరాళ్లు కూడా చేతికి కొట్టేది దీనివల్లే. లింకేజ్‌లో జారే గొట్టం లేదు, అంతా బేరింగుల మీద తిరగడమే. పక్కనుంచి, వెనకనుంచి ఎంత ఒత్తిడి పడినా తిరగడం ఆగదు.

ఐతే లింకు ఉంటే చాలు దిగబడదనుకోకు. మన పాత చేతక్ స్కూటరు ముందు చక్రం గుర్తు తెచ్చుకో. ఇరుసు పివట్‌కి (లింకు చెయ్యి తిరిగే కీలుకి) వెనక ఉంటుంది, అదీ ట్రెయిలింగ్ లింకే. కానీ బ్రేకు ప్లేటు ఆ చేతికే బిగించి ఉంటుంది. బ్రేకు పట్టగానే తిరిగే చక్రం ఆ చేతిని తనతో పాటు తిప్పబోతుంది. వెనకున్న ఇరుసు పైకి వస్తుంది, స్కూటరు ముక్కు కిందకి దిగుతుంది. ఇరుసు పివట్‌కి ముందుంటే ఇదే బలం ఎదురు తిరిగి ముక్కుని పైకెత్తుతుంది. 1955 నుంచి 1969 దాకా బీఎండబ్ల్యూ మోటారు సైకిళ్లకి వేసిన ఎర్ల్స్ ఫోర్కు ఆ రకం. అంచేత దిగబడుతుందా లేదా అన్నది కాలిపర్‌ని (రోటరుని నొక్కి పట్టే ముక్కని) దేనికి బిగించారు, ఆ బలం ఏ లింకు గుండా పైకి పోతోంది అన్నదాన్ని బట్టే ఉంటుంది.

మెసేజ్‌లో కాలిపర్ నేరుగా ఒక చేతి మీద కూర్చోదు. ఇరుసునీ కాలిపర్‌నీ మోసే ముక్క విడిగా ఉండి, కాలికి లింకుల ద్వారా తగులుకుని ఉంటుంది. బ్రేకు తిప్పుడు ఆ లింకుల గుండా పోయి దిగబడటాన్ని చాలావరకు ఆపుతుంది. దీన్ని రూపొందించింది డేవ్ వీగల్. వెనక సస్పెన్షన్‌లో డీడబ్ల్యూ లింక్ తెచ్చింది ఆయనే.

చేతికి ఎలా ఉంటుందంటే, మొదటి కొన్ని రైడ్లూ నచ్చకపోవచ్చు. ఇన్నాళ్లూ ముందు దిగబడటాన్ని బట్టే బ్రేకు ఎంత పట్టిందో చేతికి తెలిసేది. ఆ కబురు ఇక రాదు. బండి మట్టంగా ఉండగానే వేగం తగ్గిపోతుంది, ముందు టైరు పట్టిందో లేదో అని అనుమానం వస్తుంది. మలుపులో దిగబడటమే ముందు టైరు మీద బరువు వేసిపెట్టేది. ఇప్పుడు మోచేతులు వంచి నువ్వే బరువు వెయ్యాలి. నిటారు అంచున్న రాయికి మాత్రం ఇది గొప్పగా పని చేస్తుంది. ఇరుసు వెనక్కీ పైకీ కలిసి కదులుతుంది, దెబ్బ తగిలి ఆగినట్టు ఉండదు. బ్రేకు పట్టుకునే వరసగా గతుకుల మీద పోతే కొంత బిరుసు తప్పదు. దిగబడకుండా ఆపే బలమే చక్రం పైకి లేవడానికీ అడ్డుపడుతుంది. నీ దారుల్లో గతుకుల ముందు బ్రేకు వేసి, గతుకు మీద వదిలెయ్యడం నేర్చుకోవాలి.

ఉద్దానం_జీడితోట (పలాస)

పైన చెప్పినదంతా నిజమే బాబూ. నేను బేరింగుల సంగతి చెప్తాను, మన దగ్గర తేలేది అక్కడే.

పివట్ బేరింగు చక్రం బేరింగులాగ చుట్టూ తిరగదు. కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. గోళీలు ఎప్పుడూ అదే చోట నొక్కుతుంటాయి, గ్రీజు పక్కకి పోయి మళ్లీ రాదు, రేసులో (గోళీలు నడిచే గాడిలో) గోళీకో గుంట పడుతుంది. దానికి ఉప్పు తోడైతే ఇంకేటి. నౌపడ ఉప్పు మళ్ల వైపో కళింగపట్నం ఇసుకలోనో తిప్పి, కడగకుండా పక్కన పెడితే తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు. కార్బన్, అల్యూమినియం, ఉప్పునీరు మూడూ కలిసిన చోట తినేసేది అల్యూమినియాన్నే. పివట్ బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది మట్టి కాదు.

పాతది కొనే ముందు ఇలా చూడు. గాలి మొత్తం వదిలేసి, చక్రం తీసి, లింకుని చేత్తో మెల్లగా పైకీ కిందకీ ఆడించు. మెత్తగా జారాలి. మెట్లు మెట్లుగా, చిన్నగా టిక్ టిక్‌మంటూ తగిలితే రేసుల్లో గుంటలు పడ్డట్టే. తరవాత చక్రం పెట్టి గాలి నింపి, ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ కుదుపు. ఇంకొకరు ఒక్కో పివట్ కీలు మీద, రెండు ముక్కలకీ తగిలేలా గోరు ఆనించాలి. ఆడే కీలు గోటికి తెలుస్తుంది. కప్పుల దగ్గర ఆడితే అది హెడ్‌సెట్ (స్టీరింగు బేరింగులు), ఫోర్కు తప్పు కాదు. కార్బన్ కాళ్లని క్రౌను (రెండు కాళ్లూ కలిసే పై భాగం) దగ్గరా పివట్ల చుట్టూ నాణెంతో తట్టు. ఖణేలుమనాల్సిన చోట మొద్దుగా మోగితే కొనకు.

కొలతలు కూడా చూసుకో. నీ హబ్బు 15 బై 110 మి.మీ. ఇరుసుది కాకపోతే చక్రం పట్టదు. స్టీరర్ (ఫోర్కు నుంచి హ్యాండిల్ దాకా వెళ్లే గొట్టం) ఎంత కోసేశారో టేపు పెట్టి కొలువు. ఇరుసు నుంచి క్రౌను దాకా నీ పాత ఫోర్కు ఎంత, ఇది ఎంత? 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, సీటు వెనక్కి పోతుంది.

అసలు భయం విడి భాగాలది. ఆ కంపెనీ 2018లో మెసేజ్ తెచ్చింది, 2019లో 178 మి.మీ. షౌట్ తెచ్చింది, 2020లో పని ఆపేసింది. బేరింగు మీద నంబరు చదివి అదే కొలతది పట్టుకెళ్తే బేరింగుల షాపులో దొరకొచ్చు. లింకు, డంపరు (ఊపుని అణిచే భాగం) సీలు, కార్బన్ ముక్క పోతే షాపులో దొరకవు. ధర కొత్త టెలిస్కోపిక్ ఫోర్కులో సగం కన్నా తక్కువైతేనే ఆలోచించు.

చంపావతి_29

ఇద్దరికీ ధన్యవాదాలు అన్నా. ఒకవేళ తీసుకుంటే శాగ్ (మన బరువుకి ఫోర్కు ఎంత దిగుతుందో) ఎలా కొలవాలి? దానికి స్టాంచియన్ లేదు, రింగు పెట్టడానికి చోటే లేదు కదా.

వంశధార_గట్టు

రైడింగు బట్టలతో బండి మీద నించో, ఇంకొకరు ఇరుసు నడిమధ్య నుంచి క్రౌను మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవాలి. నువ్వు బండి దిగితే ఎంత, ఎక్కితే ఎంత, తేడాయే శాగ్. ఇరుసు వంపులో కదులుతుంది కాబట్టి రెండుసార్లూ అదే గుర్తు నుంచి కొలవాలి. టెలిస్కోపిక్‌కి పెట్టే 25 శాతం తెచ్చి దీనికి పెట్టకు, ఈ రకానికి తక్కువ శాగ్ కావాలి. రెండు కాళ్లలోనూ గాలి నింపే రకాలకి రెండింటా ఒకే ఒత్తిడి ఉండాలి. పంపు పీకేటప్పుడు వినిపించే తుస్సు పంపు గొట్టంలోది, మళ్లీ మళ్లీ నింపుకుంటూ కూర్చోకు.

నాగావళి_బుష్ (శ్రీకాకుళం)

నాకు వేరే మాట తోస్తోంది. నీ ఇబ్బంది సగం పాత ఫోర్కులోనే తీరిపోవచ్చు. కింద కాళ్ల సర్వీసు 50 గంటలకోసారి చెయ్యాలి. చెయ్యకపోతే బుష్‌లు ఎండుతాయి, ఫోర్కు చిన్న రాయికి కదలదు. కదలడం లేదని గాలి తగ్గిస్తారు. గాలి తగ్గగానే బ్రేకుకి దిగబడుతుంది. నువ్వు చెప్పిన రెండు బాధలూ ఒకేసారి రావడానికి కారణం ఇదే కావచ్చు.

గాలి వదిలి, అడుగు బోల్టులు మూడు నాలుగు చుట్లు వదులు చేసి, ప్లాస్టిక్ సుత్తితో తట్టి, బోల్టులు పూర్తిగా తీసి కింది కాళ్లు లాగు. నల్లగా, పలచగా నీళ్లలా కారితే నూనె చచ్చిపోయినట్టు. సీలు కింది స్పాంజి రింగులు కడిగి, నూనెలో నానబెట్టి పెట్టు. ఒక్కో కాలికి నూనె ఎంతో నీ మోడల్ పట్టికలో చూసి సిరంజితో కొలిచి పొయ్యి. అంచనాకి పొయ్యకు, ఎక్కువైతే చివర్లో ఫోర్కు గట్టిపడిపోతుంది. అడుగు బోల్టులు చాలా మోడళ్లలో 7 న్యూటన్ మీటర్ల దగ్గర, టార్క్ రెంచితోనే.

తరవాత శాగ్ 24 మి.మీ. దగ్గర పెట్టు, అంటే 20 శాతం. లో స్పీడు కంప్రెషన్ (ఫోర్కు మెల్లగా దిగడాన్ని బిగించే) మీట ఉంటే రెండు మూడు క్లిక్కులు బిగించు. చాలామంది వాల్యూమ్ స్పేసరు (ఫోర్కులో గాలి చోటు తగ్గించే ముక్క) వెయ్యమంటారు, నీకు అది పని చెయ్యదు. స్పేసరు పని ప్రయాణంలో చివరి మూడో వంతులోనే, నీది మధ్యలో దిగబడే జబ్బు. రాతి పలకల మీద చేతుల జివ్వు ముందు టైరులో తగ్గించుకో. నీ బరువుకి ట్యూబ్‌లెస్ 2.3 టైరులో 20 నుంచి 22 పీఎస్ఐ చాలు.

ఇంత చేసినా బ్రేకు మీద కొంత దిగబడుతుంది. గొట్టాల ఫోర్కు తీరే అది, దాన్ని లింకేజ్ ఒక్కటే మారుస్తుంది.

చంపావతి_29

సరే అన్నా, సర్వీసు ఈ వారమే చేస్తాను. ఇంకొక చిన్న మాట. బేరింగులే లేని లింకేజ్ ఉందంటున్నారు, లౌఫ్. బీచి దారికి అది మేలా?

ఉద్దానం_జీడితోట

లౌఫ్ ఐస్‌లాండ్‌ది. గాజునార ఆకు స్ప్రింగుల మీద నడుస్తుంది, పివట్లు లేవు, సీళ్లు లేవు, నూనె లేదు. ఉప్పు గాలికి బాధ లేని ఫోర్కు అదే. కానీ కొండల రకం ట్రెయిల్ రేసర్‌కే ప్రయాణం 60 మి.మీ., గ్రావెల్ బండి రకానికి 30. డంపరు లేదు కాబట్టి వరసగా మూడు గతుకులు తగిలితే మూడోదానికి చేతిలో ఎగురుతుంది. కళింగపట్నం ఒడ్డు దారి, జీడి తోటల మధ్య మట్టి దారికి చాలా బాగుంటుంది. తాటిపూడి పల్లానికి వద్దు.

ఏ ఫోర్కయినా ఇసుక తిరుగుడు అయ్యాక బకెట్ నీళ్లూ మెత్తటి బ్రష్షుతో కడుగు. సర్వీస్ సెంటరు ప్రెషర్ గన్ను పివట్ల మీదకి రానివ్వకు, ఆ నీరు సీలు దాటి లోపలికి పోయిందంటే ఇక బయటికి రాదు. కడిగాక బండి తలకిందులు చేసి గంట నీడలో ఆరనిచ్చి, కీళ్ల పై అంచుల్లో మాత్రం పొడి గుడ్డతో తుడువు.